నవోమి అక్క పిస్తోలు కొన్న వైనం

అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో ఉన్న మా మందుల కంపెనీలో నవోమి అక్క సంతకం పడనిదే ఒక్క మాత్ర కూడా గేటు దాటదు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని అదే. తయారీ వాళ్ళు పంపిన కాగితాలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవడం, తేడా కనిపించిన చోటల్లా పసుపు చీటీ అంటించి వెనక్కి పంపడం. నాది ఆవిడ పక్క సీటు. ఆరేళ్ళ కిందట కొత్తగా చేరినప్పుడు నా మొదటి రిపోర్టు పదకొండు చీటీలతో తిరిగొచ్చింది. నేను కళ్ళనీళ్ళు పెట్టుకునేలా ఉంటే, "భయపడకు వేదా, పన్నెండు దాటితేనే నేను మాట్లాడతాను" అంది. అప్పటినుంచి ఆవిడ నాకు అక్క.

ఇంట్లోనూ అదే మనిషి. వంటింట్లో ప్రతి పప్పు డబ్బా మీదా దాన్ని తెరిచిన తేదీ రాసి ఉంటుంది. ప్రెషర్ కుక్కర్‌తో వచ్చిన పుస్తకానికి ప్లాస్టిక్ కవరు ఉంది.

ఆవిడ భర్త కృపావరం గారిది ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన స్వభావం. బాపట్ల మనిషి, ముప్పై ఏళ్ళు డేటాబేస్‌లు చూసుకుని నిరుడు రిటైరయ్యారు. చాలా మంచివారు. వాళ్ళ తెలుగు చర్చిలో ఆయన ప్రార్థన మొదలుపెడితే చంటిపిల్లలు హాయిగా నిద్రపోతారని పేరు. ఒక్కటే బలహీనత. యంత్రం ఏదైనా కనబడితే ముందు కొనేస్తారు, ఎలా వాడాలో తర్వాత ఆలోచిస్తారు. నీళ్ళు చిమ్మి గోడలు కడిగే మిషను కొన్నరోజే సొంత కారు తలుపు మీద అరచేయంత పెయింట్ లేపేశారు. మరుసటి నెలలో చెట్లు కోసే రంపం కొంటే అక్క దాన్ని పెట్టె విప్పనివ్వకుండా వాపసు పంపింది.

మొన్న మార్చిలో వాళ్ళ వీధిలో దొంగతనం జరిగింది. మూడిళ్ళ అవతల ఇంటివాళ్ళు గ్యారేజీ తలుపు తెరిచిపెట్టి లోపల భోజనం చేస్తుంటే, ఎవరో వచ్చి ఆకులు ఊదే మిషను పట్టుకుపోయారు. పోయింది అదొక్కటే. కానీ కృపావరం గారి చేతిలో ఫోను ఉంది, ఫోనులో కాలనీ వాళ్ళ గ్రూపు ఉంది, బోలెడు తీరిక ఉంది. రెండు రోజుల్లో ఆ ఆకుల మిషను దొంగ ఆయన మనసులో పెద్ద ముఠా అయిపోయాడు.

"నవోమీ, రేపు వెళ్ళి ఒక గన్ కొనుక్కొస్తాను" అన్నారట భోజనాల దగ్గర.

"మీరు కొనరు. కొనాలా వద్దా, కొంటే ఏది కొనాలి అన్నది నేను చూస్తాను."

"నువ్వా? నీకు గన్స్ గురించి ఏం తెలుసు?"

"ఏమీ తెలీదు. అందుకే చూస్తానంటున్నా. మీకూ ఏమీ తెలీదు, కానీ మీరు కొనేస్తానంటున్నారు."

మర్నాడు లంచ్‌లో ఈ సంగతంతా నాకు చెప్పి, "శనివారం ఫ్రీగా ఉంటే మాతో రా. నేను ప్రశ్నలు అడుగుతుంటే ఈయన్ని ఎవరైనా చూసుకోవాలి" అంది. నాకు తుపాకీలంటే భయం. కానీ అక్క ఒక దుకాణాన్ని తనిఖీ చేయడం చూడాలన్న కోరిక ఆ భయం కన్నా పెద్దది.

దుకాణం ఊరి బయట, హైవే పక్కన ఉంది. కౌంటర్ వెనక గడ్డం కుర్రాడొకడు నిలబడి ఉన్నాడు. కృపావరం గారు లోపలికి అడుగుపెట్టీ పెట్టగానే అద్దాల కింద తళతళా మెరుస్తున్న, సొరకాయంత పొడవున్న రివాల్వర్ దగ్గర ఆగిపోయారు.

"అది ఎలుగుబంట్లు తిరిగే అడవులకు వెళ్ళేవాళ్ళు కొంటారు సర్" అన్నాడు ఆ కుర్రాడు.

"పర్లేదు" అన్నారు కృపావరం గారు.

అక్క బ్యాగులోంచి నోట్‌బుక్ తీసింది. అందులో ముప్పై ఒక్క ప్రశ్నలున్నాయి. కుర్రాడు వాటిని చూడకుండానే, గులాబీరంగు పిడి ఉన్న బుల్లి పిస్తోలు ఒకటి తీసి ఆవిడ ముందు పెట్టాడు. ఆడవాళ్ళు దీన్నే ఇష్టపడతారని చెప్పాడు.

"ఎందుకని?"

"చిన్నది, తేలిక మేడమ్. హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టేస్తుంది."

"తేలికైతే, పేలినప్పుడు వచ్చే తన్నును ఏది భరిస్తుంది? గన్నా, నా చెయ్యా?"

కుర్రాడు గులాబీరంగు దాన్ని మళ్ళీ అద్దం కింద పెట్టేశాడు. అక్క నోట్‌బుక్‌ను తనవైపు తిప్పుకుని మొదటి పేజీ మొత్తం చదివాడు. "మేడమ్, మీరు ఇంతవరకు ఎప్పుడైనా కాల్చారా?" అని అడిగాడు. లేదంది. "అయితే ఇవాళ నా దగ్గర ఏమీ కొనకండి. ముందు క్లాసుకి వెళ్ళండి, కాల్పులు సాధన చేసే రేంజ్‌లో నాలుగైదు రకాలు అద్దెకు తీసుకుని కాల్చి చూడండి. చేతికి ఏది సరిపోతుందో మీకే తెలుస్తుంది" అని ఒక కార్డు ఇచ్చాడు.

కారెక్కాక అక్క అంది, "అమ్మేవాడే కొనొద్దన్నాడు. మనం ఈ కొట్టుకే మళ్ళీ రావాలి."

"అదేంటే, వట్టి చేతుల్తో వెళ్తున్నాం" అన్నారు కృపావరం గారు, వెనక్కి తిరిగి ఆ రివాల్వర్ ఉన్న కిటికీ వైపే చూస్తూ.

కార్డులో ఉన్న టీచరు పేరు డార్లీన్. డెబ్భై ఏళ్ళ ఆవిడ. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి, గొంతు పెంచకుండానే నలభైమంది పిల్లల్ని సీట్లలో కూర్చోబెట్టిన మనిషి. క్లాసులో మేం ముగ్గురం, ఒక పళ్ళ డాక్టరు, ఇంకో ఇద్దరు. బల్ల మీద నీలంరంగు ప్లాస్టిక్ పిస్తోలు ఒకటి ఉంది. డార్లీన్ పలకరింపులేవీ పెట్టుకోకుండా సూత్రాలు చెప్పింది. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలి. కాల్చదలచుకోని దేనివైపూ గొట్టం తిప్పకూడదు. గురి కుదిరి, కాల్చాలని నిశ్చయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదకు పోకూడదు. గురిపెట్టింది దేనికో, దాని వెనక ఏముందో ముందే తెలిసి ఉండాలి.

అక్క చెయ్యెత్తింది. "ఖాళీగా ఉందని నేనే చూసి, పక్కన పెట్టి, ఒక నిమిషం తర్వాత మళ్ళీ తీస్తే?"

"మళ్ళీ చూడాలి."

"అర నిమిషమే అయితే?"

"మళ్ళీ చూడాలి."

అక్క ముఖం విప్పారింది. ఏడాదికోసారి మా ఆఫీసుకి గట్టి ఆడిటర్ వచ్చినప్పుడు మాత్రమే ఆ ముఖం అలా అవుతుంది.

అదే సమయంలో కృపావరం గారు ప్లాస్టిక్ పిస్తోలు చేతిలోకి తీసుకుని, పట్టు సరిగ్గా ఉందో లేదో చూపించడానికి "ఇలాగేనా?" అంటూ కుర్చీలో అటునుంచి ఇటు తిరిగారు.

"మిస్టర్ కృపా," అంది డార్లీన్ మెల్లగా, "మీరిప్పుడు మీ భార్యనీ, ఈ అమ్మాయినీ, ఆ డాక్టర్నీ, నన్నూ వరసగా కాల్చేశారు."

"ఇది ప్లాస్టిక్‌ది కదండీ."

"ఆ సంగతి మీ చేతికి తెలీదు."

ఆయన దాన్ని వేడి గిన్నెను దించినట్టు బల్ల మీద దించారు. క్లాసు ముగిసేదాకా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు.

మధ్యాహ్నం రేంజ్‌కి వెళ్ళాం. చెవులకు మఫ్‌లు, కళ్ళకు అద్దాలు. అక్క ఐదు రకాలు అద్దెకు తీసుకుంది. నోట్‌బుక్‌లో గళ్ళు గీసుకుంది. పిడి చేతిలో నిండుగా కూర్చుందా, వేలి కొస సాగదీయకుండా ట్రిగ్గర్‌కి అందుతోందా, పైభాగాన్ని వెనక్కి లాగే బలం తన చేతుల్లో ఉందా, గురి చూసే గుర్తులు కళ్ళజోడులోంచి కనిపిస్తున్నాయా, తూటాలు ఎక్కడ పడుతున్నాయి. ఒక్కోటీ కాల్చడం, గొట్టం ఎదురుగానే ఉంచి బల్ల మీద పెట్టడం, వెనక్కొచ్చి రాసుకోవడం. పక్క వరసల్లో వాళ్ళు కాల్చడం ఆపి మరీ చూశారు.

గులాబీరంగు పిస్తోలుకి అక్కచెల్లెల్లాంటిది ఒకటి ఆ ఐదింట్లో ఉంది. అది మూడుసార్లు పేలితే మూడు తూటాలూ మూడు జిల్లాల్లో పడ్డాయి. అక్క మణికట్టు రుద్దుకుంటూ, ఆ గడిలో "చిన్నది కాబట్టే కష్టం" అని రాసింది. ఇంకోదాని పైభాగం వెనక్కి రావడానికి ససేమిరా అంది. చివరిది పాయింట్ ట్వంటీటూ పిస్తోలు, సన్న తూటాలది. చప్పుడు తక్కువ, కుదుపు తక్కువ. ఐదు రంధ్రాలూ ఒక సాసర్ కింద దాగేంత దగ్గరగా పడ్డాయి.

"ఇంటి కాపలాకని చాలామంది ఇంతకన్నా పెద్దదే కొంటారు" అంది డార్లీన్. "కానీ మొదటి తుపాకీ పని కాపలా కాదు, నేర్పడం. చప్పుడుకి భయపడుతూ నేర్చుకుంటే భయమే అలవాటవుతుంది."

కృపావరం గారి వంతు వచ్చింది. ఆయన పెద్ద రివాల్వర్‌నే అద్దెకు తీసుకున్నారు. ఒక్కసారి పేల్చారు. పైకప్పు రేకులు అదిరాయి. ఆయన దాన్ని ఎంతో గౌరవంగా బల్ల మీద పెట్టి, "బాగుంది" అన్నారు. వెనక్కొచ్చి కుర్చీలో కూర్చుని నీళ్ళ సీసా మొత్తం తాగారు.

తర్వాత డార్లీన్ ఆయన చేతికి చిన్న పిస్తోలు ఇచ్చింది. అందులో అసలు తూటాల మధ్య ఆయనకు తెలియకుండా ఉత్తుత్తి తూటా ఒకటి కలిపింది. మొదటిది పేలింది. రెండోది పేలింది. మూడోసారి క్లిక్‌మని చిన్న చప్పుడే వచ్చింది. కానీ పిస్తోలు గొట్టం మూరెడు కిందికి కుంగింది, భుజాలు చెవుల దాకా లేచాయి, కళ్ళు గట్టిగా మూసుకున్నాయి. తూటా పేలకుండానే కృపావరం గారు పేలిపోయారు.

"గన్‌లో ఏదో ప్రాబ్లం ఉంది" అన్నారు కళ్ళు తెరిచి.

"గన్ బానే ఉందండీ" అంది అక్క వెనకనుంచి. "పేలుతుందేమోనని మీరే ముందు కుంగిపోతున్నారు."

రెండో శనివారం జరిగిన సంగతి ఇప్పటికీ మా ఆఫీసులో చెప్పుకుంటారు. పిస్తోలు పేలిన ప్రతిసారీ ఖాళీ అయిన ఇత్తడి తొడుగు కాలుతూ పక్కకి ఎగిరి పడుతుంది. అందుకని మెడ మూసి ఉన్న బట్టలే వేసుకోవాలని డార్లీన్ మొదటిరోజే చెప్పింది. ఆ రోజు అక్క చర్చిలో పాటల ప్రాక్టీస్ నుంచి నేరుగా వచ్చింది. వెడల్పు మెడ కుర్తా. మెడ చుట్టూ చున్నీ బిగించి చుట్టుకుంది. మూడో తూటా దగ్గర చున్నీ జారింది. నాలుగో తూటా తొడుగు ఎగిరి, వరసల మధ్య ఉన్న అడ్డుగోడకు తగిలి, తిన్నగా ఆ మెడలోంచి లోపలికి దిగింది.

నేను వెనక నిలబడి చూస్తున్నాను. అక్క వీపు ఒక్కసారి కర్రలా బిగుసుకుంది. వేలు ట్రిగ్గర్ మీంచి పక్కకొచ్చింది. గొట్టం ఎదుటి మట్టిదిబ్బ వైపే ఉంది. తూటాలుండే మ్యాగజైన్ బయటికి తీసింది. పైభాగం వెనక్కి లాగి, లోపల ఖాళీ అని చూసింది. మళ్ళీ చూసింది. పిస్తోలు బల్ల మీద పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసింది. అప్పుడు మొదలుపెట్టింది గెంతడం. "యేసయ్యా, యేసయ్యా" అని చిన్నగా అంటూ, యాభై ఆరేళ్ళ మనిషి, అడుగెత్తున గెంతింది. కృపావరం గారు నీళ్ళ సీసా పట్టుకుని ఆవిడ చుట్టూ ప్రదక్షిణం చేశారు, ఎక్కడ పోయాలో తెలియక.

డార్లీన్ రేంజ్‌లో అందర్నీ కాల్చడం ఆపమంది. "ఈవిడ ఏం చేసిందో చూశారా? ఇలాంటప్పుడు చాలామంది చేతిలో తుపాకీతోనే గిర్రున వెనక్కి తిరుగుతారు. నాకు తెలిసిన ఒకాయన కాలు అలాగే పోయింది. ఈవిడ ముందు తుపాకీ పని పూర్తి చేసి, తర్వాత తన పని చూసుకుంది."

అక్క గెంతడం ఆపి, చున్నీ సర్దుకుని, "థాంక్యూ" అంది. కందిపప్పంత బొబ్బ లేచింది. సోమవారం ఆఫీసుకొచ్చి, తన మీద తనే ఒక పేజీ నివేదిక రాసుకుంది. తప్పు, చున్నీని నమ్మడం. సవరణ, కారులో ఎప్పుడూ ఒక టీషర్టు ఉంచడం. కింద సంతకం పెట్టి, సాక్షిగా నన్నూ పెట్టమంది.

నెల తిరిగాక అదే దుకాణానికి వెళ్ళి పాయింట్ ట్వంటీటూ పిస్తోలే కొంది. కొనేవాళ్ళు నింపాల్సిన ఫారం రెండుసార్లు చదివి నింపింది. దానికన్నా ముందే ఇంట్లో బట్టల అల్మారా నేలకు బోల్టులతో బిగించిన ఉక్కు పెట్టె సిద్ధంగా ఉంది. తూటాలకు వేరే గదిలో వేరే తాళం. పెట్టె తెరిచే నంబరు అక్కకొక్కదానికే తెలుసు.

"నేను ఈ ఇంట్లో అద్దెకున్నానా?" అని అడిగారు కృపావరం గారు.

"మిగిలిన క్లాసు పూర్తి చేయండి, చెప్తాను."

"ఆవిడ నన్ను మళ్ళీ ఆ క్లిక్ పెట్టి అవమానిస్తుంది."

"క్లిక్‌కి కుంగకపోతే అవమానం ఉండదు కదండీ."

ఆయన క్లాసు వాయిదా వేస్తూ వచ్చారు. అక్క మాత్రం వారానికి మూడు సాయంత్రాలు మేడ మీద గదిలో ఖాళీ పిస్తోలుతో సాధన చేసేది. గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. ఎదురుగా ఇటుకలు పేర్చిన అల్మారా. గొట్టం కొస మీద పైసా బిళ్ళ ఒకటి నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కాలి. మొదట్లో బిళ్ళ పడిన చప్పుడు కింద హాల్లోకి వినబడేది. జులై వచ్చేసరికి వినబడడం మానేసింది.

ఆగస్టులో ఒక బుధవారం, మధ్యాహ్నం రెండింటికి, మేం క్యాంటీన్‌లో ఉండగా అక్క ఫోను మోగింది. కృపావరం గారు. గొంతు గుసగుసలాడుతోంది. అక్క నాక్కూడా వినబడేలా స్పీకర్ పెట్టింది.

"నవోమీ, కోడ్ చెప్పు."

"ఏ కోడ్?"

"పెట్టె కోడ్. గ్యారేజీలో ఎవరో ఉన్నారు. సామాన్లు లాగుతున్నారు. ఇందాక ఏదో బరువైంది కిందపడింది."

నా చేతిలో చెంచా ఆగిపోయింది. అక్క గొంతు మాత్రం ఆఫీసులో మాట్లాడే గొంతులాగే ఉంది. "ఎవరో చూశారా?"

"చూడలేదు. నేను పైన ఉన్నా. కోడ్ చెప్పు."

"చూడకుండా ఎవరి మీద పట్టుకుంటారు దాన్ని? గది తలుపు గడియ పెట్టుకోండి. వేద ఫోన్‌లోంచి నేను పోలీసులకి కాల్ చేస్తున్నా. మీరు ఈ ఫోన్ పెట్టేయకండి."

"మెట్లెక్కుతున్నాడు నవోమీ. కోడ్ చెప్పవే."

అక్క నా ఫోను అందుకుంది. తొమ్మిది నొక్కింది. ఒకటి నొక్కింది. అప్పుడు ఆ చివర, తలుపు అవతలి నుంచి వరసగా మూడు తుమ్ములు వినిపించాయి. తర్వాత ఒక ఆడగొంతు, అమెరికా యాసలో. "డాడీ, వెట్ గ్రైండర్ రాయి ఎక్కడుంది? మెసేజ్ పెట్టాను కదా, చూడలేదు నువ్వు?"

అది వాళ్ళ అమ్మాయి ఫెబీ. దగ్గర్లోనే డర్హమ్ అనే ఊళ్ళో ఉంటుంది. స్నేహితులకి దోసెలు పోస్తానని ఒప్పుకుని, గ్రైండర్ కోసం పక్క తలుపు తాళంతో లోపలికి వచ్చింది. మెసేజ్ పెట్టిన మాట నిజమే. కృపావరం గారు భోజనం చేసి కునుకు తీస్తున్నారు.

ఫోనులో గడియ తీసిన చప్పుడైంది. "డాడీ, వై ఆర్ యూ క్రయింగ్?" అంది ఫెబీ.

అక్క నా ఫోను నాకిచ్చేసింది. "పద వేదా, ఇంటికెళ్ళాలి. కారు నువ్వు నడుపు" అంది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ పని మధ్యలో లేచివెళ్ళడం అదే మొదటిసారని తర్వాత మా మేనేజర్ చెప్పాడు.

మేం వెళ్ళేసరికి కృపావరం గారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పక్కనే ఫెబీ, ఒళ్ళో గ్రైండర్ రాయి. జరిగింది ఆ పిల్లకి పూర్తిగా అర్థం కాలేదు. "డాడీ నన్ను బర్గ్లర్ అనుకున్నాడంట" అని నవ్వింది. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేసింది.

"ఆ కోడ్ నాకు ఎప్పటికీ చెప్పొద్దు" అన్నారు ఆయన.

అక్క కింది మెట్టు మీద కూర్చుంది. "నేను భయపడి చెప్పేదాన్నేమో అండీ. ఇంకో నిమిషం అయితే చెప్పేదాన్నేమో. అదే నాకు భయంగా ఉంది." ఆయన వైపు తిరిగి అంది, "చెప్పొద్దంటే కుదరదు. ఇంట్లో వస్తువు ఉంటే ఇద్దరికీ తెలిసి ఉండాలి, లేదంటే అసలు ఇంట్లో ఉండకూడదు. శనివారం క్లాసుకి రండి. ఆ తర్వాత ఉంచాలో తీసేయాలో ఇద్దరం కూర్చుని తేల్చుకుందాం."

ఫెబీ మా అందరికీ టీ పెట్టింది. దోసెల పార్టీ వాయిదా పడింది.

ఆ శనివారం ఆయన వెళ్ళారు. తర్వాతి నాలుగు శనివారాలూ వెళ్ళారు. డార్లీన్ క్లిక్ పెట్టిన ప్రతిసారీ ఆయన భుజాలు కొంచెం కొంచెంగా కిందికి దిగుతూ వచ్చాయి. ఐదోవారం క్లిక్‌మన్నప్పుడు గొట్టం కదల్లేదు. ఆయన పిస్తోలు ఖాళీ చేసి, బల్ల మీద పెట్టి, వెనక్కి తిరిగి అక్కని చూశారు. ఆ రోజు దారిలో మా అందరికీ ఐస్‌క్రీమ్ కొనిపెట్టారు.

కూర్చుని తేల్చుకున్నది ఏమిటంటే, పిస్తోలు ఇకనుంచి ఇంటి కాపలాకి కాదు, రేంజ్‌కి మాత్రమే. కాపలాకి గ్యారేజీ తలుపు మూసిపెట్టడం, పక్క తలుపుకి గంట, ఫెబీకి రాకముందు మెసేజ్ కాకుండా ఫోను చేయాలన్న ఆజ్ఞ. కోడ్ ఇద్దరికీ తెలుసు. ఆయన వారానికి పది తూటాలు కాల్చి, పదకొండోది ఇస్తే వద్దంటారు.

అక్టోబర్‌లో అక్క కొత్తవాళ్ళ పోటీలో పద్నాలుగు మందిలో పదకొండో స్థానం తెచ్చుకుంది. గురి ఎవరికన్నా తక్కువ కాదు, కానీ ప్రతిసారీ లోపల ఖాళీయా కాదా అని రెండుసార్లు చూసేసరికి సమయం మించిపోయింది. ఆవిడకి దాని గురించి ఏ చింతా లేదు. డార్లీన్ ఇప్పుడు తనకి సహాయంగా క్లాసులు చెప్పమని అడుగుతోంది. దానికి చదవాల్సిన పుస్తకం నూట ఎనభై పేజీలు. అక్క దాన్ని రోజూ లంచ్‌లో నా పక్కన కూర్చుని చదువుతోంది. నిన్నటికి నూట పన్నెండో పేజీ దగ్గరుంది. తొంభై ఏడో పేజీలో రెండు బొమ్మల కింది మాటలు తారుమారయ్యాయని పుస్తకం వేసినవాళ్ళకి ఉత్తరం రాసింది. జవాబు రాకుండా నూట పదమూడో పేజీకి వెళ్ళనని కూర్చుంది.